మూడో పడవ ముడి

బహుళ పాడ్యమి

మా రత్నం పంతులమ్మ అయింది! నీళ్ళ మీద తేలే మా తెప్పవాడ బడిలో మనిషి నోటితో పాఠం చెప్పబోయే మొట్టమొదటి పంతులమ్మ మా పిల్లే!

ఈ పుస్తకంలో ముందు గాలి రాయాలి, ఆ తర్వాత నీరు, ఆ తర్వాత తెప్పను కట్టి ఉంచే తాళ్ళు. తాళ్ళ కావలివాడు రాసే పుస్తకానికి పద్ధతి అదేనని నాకు తెలుసు. ఇవాళ మాత్రం గాలి కాస్త ఆగాలి. సంఘం వాళ్ళు చదివి కోప్పడితే కోప్పడనీ. నేను ఐదో తరగతి దాకా చదివినవాణ్ణి. అదీ మా గవ్వలరేవు సముద్రంలో కలవకముందు, గోడకు నల్లబల్ల ఉన్న బడిలో. అలాంటి నా ఇంట పంతులమ్మ పుట్టింది. ఈ మాట పేజీ నిండా రాయాలనుంది. కాగితం తక్కువ కాబట్టి ఇంకొక్కసారి మాత్రం రాస్తాను. నా ఇంట పంతులమ్మ పుట్టింది!

సంగతి ఇది. ఇక్కడి పిల్లలందరికీ చెవిలో పూస ఉంటుంది. అక్షరాలు, లెక్కలు, చరిత్ర అన్నీ అదే చెబుతుంది, ఎవరి చెవిలో వాళ్ళకు విడివిడిగా. దాని గొంతు బెల్లం పాకం. పిల్ల గుండె దడదడలాడితే పాఠం అక్కడ ఆపి, మెత్తగా మార్చి చెబుతుందట. దాంతో మా పిల్లలకు రాని కథ లేదు. కాని ఏది ముందు జరిగింది, ఏది వెనక జరిగింది, ఎందుకు జరిగింది అని అడిగితే గుడ్లప్పగించి చూస్తారు. చరిత్రను బొమ్మగా గీయిస్తే అది కంటికి ఆనుతుందని, పిల్లలంతా కలిసి ఒకే బొమ్మ మీద పని చేయాలని మా రత్నం సంఘం ముందు నిలబడి వాదించింది. నేను తలుపు దగ్గరే ఉన్నాను. సంఘం పెద్ద అప్పలకొండ గడ్డం గోక్కున్నాడు.

"సర్లేవే రత్నమ్మా, అమాస దాకా సెప్పు. సదువుకునే గుంటలు బాగుంటే బడి నీది. ఏడిస్తే మల్లీ పూసదే" అన్నాడు.

మా ఆవిడ నూకాలు మోకాళ్ళ నొప్పులతో మంచం దిగి చాలా రోజులైంది. కబురు వినగానే మంచం మీదే కూర్చుని చప్పట్లు కొట్టింది. "ఓలమ్మా, నా తల్లే! ఏటయ్యా అలా గెడలాగ నిలబడిపోనావు? సేప కాల్సు. బెల్లం నేదు గదా, సేపే తీపనుకుందుం!"

ఇంట్లో ఎల్లాజీ ఒక్కడే తక్కువ. వాడు మా పెద్దవాడు, రత్నానికి అన్న. తొమ్మిదేళ్ళ కిందట, సముద్రపు గోడ తెగిన రోజు గవ్వలరేవు నుంచి మూడు పడవలు బయలుదేరాయి. మేం ముగ్గురం మొదటి పడవ ఎక్కాం. వాడు ముసలివాళ్ళను ఎక్కించి మూడో పడవలో వస్తానన్నాడు. మూడో పడవ వేరే తీరానికి చేరిందని, వాడు ఉత్తర తెప్పలో క్షేమంగా ఉన్నాడని తర్వాత పూస చెప్పింది. అంత దూరం మనిషి గొంతు అందదట. అమావాస్య అమావాస్యకు కబురు మాత్రం చెబుతుంది. పెద్దవాళ్ళకు ఇంటికి ఒకటే పూస, మాది నూకాలు చెవిలో ఉంటుంది. ఆమె విని నాకు చెబుతుంది. ఈ అమావాస్యకు మేమే వాడికి కబురు పంపుతాం. పంతులమ్మ గారి అన్న, మరి!

గాలి తూర్పు. నీరు మామూలు. తాళ్ళు బిగువుగా ఉన్నాయి.

తదియ

పొద్దున తెప్ప అడుగున అంటుకున్న గుల్లలు గీకాను. గీకుతుంటే రత్నం వచ్చింది.

"అయ్యా, ఒక పాత తాడు కావాలి. గుంటలు ముడెయ్యడానికి పనికొచ్చేది."

"ఏటికి?"

"చరిత్రకి."

చరిత్రకు తాడేమిటో నాకు అర్థం కాలేదు గాని, ఉన్నవాటిలో మంచిది తీసి ఇచ్చాను. పాతదే అడిగింది. పంతులమ్మకు పాతది ఇస్తానా?

పని ముగించుకుని బడి దగ్గరికి వెళ్ళాను. తాడును గది ఆ మూల నుంచి ఈ మూలకు కట్టింది. ఎడమ చివర గవ్వలరేవు, కుడి చివర తెప్పవాడ. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి, జరిగినదానికి ఒక ముడి వేసి, రంగు గుడ్డపేలిక కట్టాలి. గోడ కట్టడం ఒక ముడి. గోడ బీటలు వారడం ఒక ముడి. ఏ ముడి ముందు, ఏది వెనక అని వాళ్ళే తగువులాడుకుని వాళ్ళే జరుపుకోవాలి. దాసుడనే గుంటడు తెప్పవాడ కట్టిన ముడిని తెచ్చి గవ్వలరేవు ముడికంటే ముందు వేశాడు. పిల్లలంతా ఒకటే నవ్వు. "ఓరి దాసిగా, ఇల్లు వొదలకముందే తెప్పెక్కినావురా!" వాడు సిగ్గుపడి ముడి విప్పుకుని, తాడు పొడుగునా నడిచి నడిచి, సరైన చోట వేశాడు. ఆ నడక చూసి నాకు కళ్ళ నీళ్ళు వచ్చాయి. నా ఈడులో చరిత్ర అంటే బట్టీ. కాలం మీద కాళ్ళతో నడవచ్చని నాకెవరు చెప్పారు?

గాలి రాయడం మర్చిపోయాను. తూర్పే.

షష్ఠి

ఇవాళ బడిలో చిన్న గొడవ.

మూడో పడవ చేరిన ముడి ఎక్కడ వేయాలన్నది తేలలేదు. ఉత్తర తెప్ప అని ఒకరు, దక్షిణపు దీవి అని ఒకరు. ముత్యాలని ఒక పిల్ల ఉంది, గోడ తెగాక పుట్టింది, తండ్రిని చూడలేదు. ఆయనా ఆ పడవలోవాడే. ఆయన పగడాల నగరంలో ఉన్నాడని, అక్కడ మేడలున్నాయని చెప్పింది.

రత్నం తెరచాప గుడ్డ నేల మీద పరిచి, గుండ్రటి పీతల వల చట్రాలు రెండు తెచ్చి, ఒకదాని మీదికి ఒకటి సగం ఎక్కేలా పెట్టింది. ఇటు వలయంలో దాసుడి పూస చెప్పినది రాయాలి, అటు ముత్యాలు పూస చెప్పినది. రెండూ ఒకటే చెప్పినవి మధ్యలో, వలయాలు కలిసిన చోట.

అటూ ఇటూ నిండిపోయాయి. మధ్యలో మాత్రం "మూడు పడవలు బయలుదేరాయి" అని ఒక్క వరుసే. మిగతాదంతా ఖాళీ గుడ్డ. వేరే ఇద్దరు పిల్లలను కూర్చోబెట్టింది. మళ్ళీ అంతే.

"మీ పూస అబద్ధాలాడతాది!" అని దాసుడు అన్నాడు.

"మీదే ఆడతాది! మా అయ్యది మేడ!" అని ముత్యాలు బొగ్గుముక్క విసిరింది.

దారిన పోతున్న అప్పలకొండ ఆగి చూశాడు. "రత్నమ్మా, ఇన్నాళ్ళూ గుంటలు ఎవరి కత ఆల్లు ఇని బజ్జున్నారు. ఇప్పుడు కొట్టుకుంటన్నారు. అమాస దగ్గరకొచ్చేసినాది సూసుకో" అని వెళ్ళిపోయాడు.

నేను ఆ ఖాళీ వైపు చాలాసేపు చూశాను. పిల్లలు చిన్నవాళ్ళు, సరిగ్గా విని ఉండరని అనుకున్నాను.

గాలి తూర్పు నుంచి ఈశాన్యానికి తిరిగింది. పడమటి మూల తాడు ఒకటి మార్చాను.

దశమి

రత్నం అన్నం దగ్గర అడిగింది. "అమ్మా, అన్న ఉత్తర తెప్పలో ఉన్నాడని పూసకి ఎవలు సెప్పినారు?"

"పూసకి ఒకలు సెప్పడమేటే? దానికన్నీ ఎరుకే."

"చూసినోళ్ళు ఎవలో ఒకలు సెప్పాలి గదమ్మా. పోనీ, పోయిన అమాసకి ఏటన్నాది, ఉన్నదున్నట్టు సెప్పు."

నూకాలు చేతిలో ముద్ద ఆగింది. "క్షేమంగా ఉన్నాడంది."

"రొయ్యలు బాగా పడతన్నాయని, ఒళ్ళు చేసినాడని నువ్వు సెప్పినావు గదా?"

"పడవా మరి? సెయ్యడా మరి? రొయ్యల కాలంలో రొయ్యలు గాక రాళ్ళు పడతాయేటి? నువ్వు పంతులమ్మవి గుంటలకి. నాకు గాదు." కంచం పక్కకు నెట్టేసింది.

తల్లీకూతుళ్ళ మధ్య నేనేం మాట్లాడను? రత్నం పాఠం బాగుందని మాత్రం అన్నాను. బాగుంది కూడా.

గాలి లేదు. నీరు నూనెలా ఉంది.

ద్వాదశి

చేప వచ్చింది! తెరచాప మీద, బొగ్గుతో, గది పొడుగునా చేప ముల్లు! నడిమి ముల్లు ఒకటి, దానికి అటూ ఇటూ పక్క ముళ్ళు. తల దగ్గర ఏమి జరిగిందో రాయాలి. ఒక్కో పక్క ముల్లు మీద అది ఎందుకు జరిగిందో ఒక్కో కారణం రాయాలి. ఇది ఏ దేశం వాళ్ళు కనిపెట్టారో గాని, మా వాళ్ళ కోసమే కనిపెట్టినట్టుంది.

"పంతులమ్మా, ఇది ఏ సేప?" అని దాసుడు అడిగాడు.

"చరిత్ర చేప."

"ఇన్ని ముల్లులుంటే పులసై ఉంటాది."

"అయితే మెల్లగా తినాలి. గొంతులో గుచ్చుకుంటాది" అంది రత్నం. పిల్లలు విరగబడి నవ్వారు. నేను తలుపు దగ్గర నుంచే గట్టిగా నవ్వాను.

పిల్లలు ఇళ్ళలో పెద్దలను అడిగి వచ్చారు, ముళ్ళు నిండాయి. గోడలో ఉప్పు తిన్న ఇనుము. గాలి. చీకటి. పడవ మోయలేనంత జనం. మూడో పడవను రెండోదానికి కట్టిన తాడు తెగడం. అన్నీ వచ్చాయి. తల మాత్రం రాలేదు. మూడో పడవ ఏమైందన్న చోట పిల్లలు ముప్పై మాటలు చెబుతారు, ఒకటి మరొకదానితో కలవదు. చేప తల లేకుండా ఉండిపోయింది.

"ఆ రోజు రెండో పడవ చివర కూర్చున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా, అయ్యా?" అని రత్నం నన్ను అడిగింది.

గరగయ్య ఉన్నాడని చెప్పాను. తెప్ప కొసన వలలు అల్లుకునే ముసలాయన. చెవిలో చీమ దూరినట్టుంటుందని పూస పెట్టుకోడు. ఎవరితోనూ పెద్దగా మాట్లాడడు. నన్ను చూస్తే మరీ తల దించుకుని పోతాడు. రత్నం ఆయన్ను చతుర్దశి నాటికి బడికి రమ్మని వెళ్ళి పిలిచింది. అప్పలకొండను కూడా రమ్మంది. అంత ధైర్యం ఈ పిల్లకు ఎక్కడ నుంచి వచ్చిందో!

తాళ్ళు బాగున్నాయి.

చతుర్దశి, పొద్దు

గరగయ్య వచ్చాడు. అల్లుతున్న వల భుజాన అలాగే ఉంది. గది నిండా పిల్లలు. అప్పలకొండ కుర్చీలో. నేను నా తలుపు దగ్గర.

"తాతా, తాడు తెగాక మూడో పడవ ఏమైంది? మీరు చూసినది చెప్పండి" అంది రత్నం.

ఆయన చేప బొమ్మను చాలాసేపు చూశాడు. తర్వాత నేల కింద కదులుతున్న నీళ్ళవైపు చూసి, నెమ్మదిగా చెప్పాడు.

"ఒడ్డు మారినాది."

అంతే. పిల్లలు ఎగిరి గంతులేశారు. మారింది, ఒడ్డు మారింది, మరో ఒడ్డుకు చేరింది! దాసుడు ముత్యాలు భుజం తట్టాడు. రత్నం ముఖం వెలిగిపోయింది. చేప తలలో పెద్ద అక్షరాలతో "ఒడ్డు మారింది" అని రాసింది. అప్పలకొండ తొడ చరిచి లేచాడు. "ఇంకేటి! తగువు తీరిపోనాది. గుంటలు నవ్వతన్నారు. బడి నీదేనమ్మా!"

అప్పలకొండ కొండవైపు జీడితోటల మనిషి. గోడ తెగిన రోజే మొదటిసారి పడవ ఎక్కాడు. ఆయనకు ఆ మాట అర్థం తెలియదు. రత్నానికీ తెలియదు.

మా వాళ్ళు నీళ్ళ మీద "మునిగింది" అనరు. ఆ మాట సముద్రం వింటే నేర్చుకుంటుందని మా తాతల నాటి భయం. పడవ మునిగినా, మనిషి పోయినా, "ఒడ్డు మారింది" అంటారు. అదైనా పడవలో, మగవాళ్ళ మధ్యే. గట్టు మీద అనరు. ఇంట్లో ఆడవాళ్ళ ముందు అసలు అనరు. ఆ రోజు పూస తరఫున వచ్చి వివరాలు రాసుకున్నవాళ్ళకు గరగయ్య ఆ మాటే చెప్పి ఉంటాడు. పూస దాన్ని పుస్తకాల తెలుగులో పెట్టుకుని, వేరే తీరానికి చేరిందని ఇంటింటికీ చెప్పింది. ఆ పైన ఎవరికి ఏది ఇష్టమో అది కలిపింది. ఒకరికి మేడ, ఒకరికి దీవి. మాకు ఉత్తర తెప్ప.

తొమ్మిదేళ్ళలో మూడో పడవ సంగతి నా చెవిన మనిషి నోటి నుంచి పడడం ఇదే మొదలు.

గరగయ్య వెళుతూ నా దగ్గర ఆగాడు. "నీకెరికే గదరా కాసిగా. ఆ రోజే రాయించినాను గదా" అన్నాడు. నా ముఖం చూశాడు. ఆయన భుజాన ఉన్న వల జారి కింద పడింది. తీసుకోలేదు.

చతుర్దశి, మధ్యాహ్నం

అక్షరాలు వంకరగా వస్తే సంఘం వాళ్ళు మన్నించాలి.

నేను ఊరుకోవచ్చనుకున్నాను. బడి మా పిల్లదైపోయింది. పిల్లలు నవ్వుతున్నారు. రేపు అమావాస్య, కబురు ఎలాగూ వస్తుంది. ఊరుకుందామనే గడప దాటి బయటికి కాలు పెట్టాను కూడా.

ముత్యాలు వెనక నుంచి వచ్చి నా చేయి పట్టుకుంది. "తాతా, నువ్వు తాళ్ళ తాతవి గదా. మూడో పడవ ముడి నువ్వెయ్యి. మాం ఏస్తే జారిపోతంది. గట్టిగా ఎయ్యి" అని తాడు దగ్గరికి లాక్కుపోయింది. కుడి చివర, తెప్పవాడకు అవతల, కొత్తగా ఒక తాడుముక్క కలిపి ఉంచారు పిల్లలు. మరో ఒడ్డు కోసం.

ఈ చేతులు తుఫానులో కూడా ముడి తప్పు వేయలేదు. అక్కడ వేయలేకపోయాయి.

"రత్నం" అన్నాను. "ఆ మాటకి అర్థం అది గాదమ్మా."

"ఏ మాటకి, అయ్యా?"

"గరగన్న సెప్పిన మాట. అది పడవ మాట. అందరూ ఇక్కడ కూకోండి, సెప్తాను."

చెప్పాను. పెద్దగా ఏమీ చెప్పలేదు. నీళ్ళ మీద ఏ మాట అనమో, దాని బదులు ఏమంటామో, అంతే. ముందు రత్నానికి అర్థమైంది. బొగ్గు పట్టుకున్న చేయి నోటికి అడ్డం పెట్టుకుంది. ముఖమంతా నల్లగా అయింది. "అన్నా" అంది ఒక్కసారి, చిన్నపిల్లలాగా. తర్వాత దాసుడు, తర్వాత ఒక్కొక్కరే.

ముత్యాలు ఏడవలేదు. "మరి మేడ?" అని అడిగింది.

"నేదు, తల్లీ."

"పూస సెప్పినాది గదా."

"నువ్వు ఏడవకుండా ఉండాలని సెప్పినాది."

ఆ పిల్ల తెరచాప దగ్గరికి వెళ్ళి చేపను తల నుంచి తోక దాకా చూసింది. ఒక్కో ముల్లు మీద వేలు పెట్టి చదివింది. ఇనుము, గాలి, చీకటి, జనం, తాడు. తల దగ్గరికి వచ్చి ఆగింది. అప్పుడు ఏడ్చింది. అన్నీ కలిసి అక్కడికే వస్తున్నాయని దానికి కనపడింది. పిల్ల దాన్ని కళ్ళతో చదువుకుంది. మా రత్నం అంత బాగా నేర్పింది.

గదిలో పిల్లలందరి చెవుల్లో పూసలు సన్నగా గొణుగుతున్నాయి. గుండె దడ పెరిగిందని కథలు మొదలుపెట్టాయి కాబోలు. దాసుడు ముందు తీసి జేబులో వేసుకున్నాడు. ఏడుపు వినపడడం లేదన్నాడు.

అప్పలకొండ లేచి నిలబడ్డాడు. ఇక అయిపోయింది, ఏడిస్తే పూసదే అన్నాడు గదా అనుకున్నాను. ఆయన తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు.

"మా తమ్ముడు సూర్నారాయణ ఆ పడవలోనే ఎక్కినాడు. కాఫీ తోటల్లో ఉన్నాడని సెప్పినాది నాకు. సముద్రంలో కాఫీ తోటలేటని ఒక్కనాడూ అడగనేదు నాను." తలగుడ్డ మళ్ళీ చుట్టుకున్నాడు. "ఏటి రత్నమ్మా, అలా సూస్తావు. పాఠం కానీ. ఆడి పేరు ఎక్కడ రాయాలి?"

రత్నం చేప తల చుట్టూ గీత చెరిపి పెద్దది చేసింది. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి పోయిన తమవాళ్ళ పేర్లు రాశారు. చోటు చాలక తల మళ్ళీ పెద్దదైంది. అది చేపలాగే లేదు ఇప్పుడు. ఎల్లాజీ పేరు మా రత్నం రాసింది. అక్షరాలు ఎంత గుండ్రంగా రాస్తుందో! నేను ముడి వేశాను, తాడు తెగిన ముడి పక్కనే. పిల్లలు అవతలి తాడుముక్క విప్పేశారు.

బడి మాదే. అప్పలకొండ వెళుతూ మళ్ళీ చెప్పాడు. ఇది శుభవార్తే, కాదనకూడదు. నా కూతురు చెప్పిన పాఠంలో నా కొడుకు పేరు ఉంది. ఇన్నాళ్ళూ వాడికి పిండం లేదు, దీపం లేదు, ఒక చోటు లేదు. ఇప్పుడు పిల్లలు వేలు పెట్టి చూపించే చోటు ఉంది. నాకు సంతోషంగానే ఉంది. సంతోషంగానే ఉందని రాస్తున్నాను.

గాలి తూర్పు. పోటు మొదలైంది. తాళ్ళన్నీ ఒకసారి చూసి వచ్చాను, మళ్ళీ ఒకసారి చూసి వచ్చాను. రేపటి కబురు రాకముందే, పిల్లలు వాడలోకి వెళ్ళి చెప్పకముందే, మేమే చెప్పాల్సినవాళ్ళు:

సూరాడ బంగారి. మా ఎల్లాజీకి అనుకున్న పిల్ల. వచ్చిన సంబంధాలన్నీ తిప్పి పంపింది. ఇక ఎదురుచూడనక్కర్లేదని ముందు చెప్పి, తర్వాత సంగతి చెప్పాలి. కాదు, ముందు సంగతే చెప్పాలి.

మా బావ లచ్చన్న. మేనల్లుడు వస్తే ఇస్తానని తెడ్డు చెక్కి ఉంచాడు. ఎవరినైనా వాడుకోనివ్వమనాలి.

మా చెల్లెలు పైడమ్మ. చెవుడు. చేతులతో చెప్పాలి. మునగడం చేతులతో ఎలా చూపిస్తారో.

మా అత్త నరసాయమ్మ. చెబితే ఏడ్చి మర్చిపోతుంది, మళ్ళీ వాడెలా ఉన్నాడని అడుగుతుంది. అడిగినప్పుడల్లా చెప్పాలి.

నూకాలు. బడి నిలిచిందని ముందు చెప్పాలి. నవ్వుతుంది. ఆ తర్వాత.